ర్యామ్ కొనే ముందు మీ పీసీ లిమిట్ ఎంతో చూసుకోండి

పాత ల్యాప్‌టాప్ స్లో అయిందని చెబితే చాలు, వెంటనే వచ్చే సలహా ఒక్కటే: "ర్యామ్ పెంచేయ్, సరిపోతుంది." నా దృష్టిలో ఇది సగం సలహానే. 4 జీబీ ఉన్న కొన్ని మెషీన్లలో ఇంకో 4 జీబీ స్టిక్ పెట్టినా నయా పైసా లాభం ఉండదు. డబ్బులు మాత్రం పోతాయి.

కారణం సింపుల్. మెమరీలో ప్రతి బైట్‌కీ ఇంటి నంబర్ లాగా ఒక అడ్రస్ ఉంటుంది. 32 బిట్లతో ఇవ్వగలిగేవి 429 కోట్ల పైచిలుకు నంబర్లు, అంటే 4 జీబీ. గ్రాఫిక్స్, నెట్‌వర్క్ లాంటి డివైజ్‌లకి కూడా ఇందులోంచే వాటా పోవాలి. అందుకే 32 బిట్ విండోస్‌లో 4 జీబీ పెట్టినా చాలాసార్లు 3 జీబీ చిల్లరే వాడుకోవచ్చని చూపిస్తుంది.

అసలు విషయం ఏంటంటే, ఈ గోడ మొత్తం హార్డ్‌వేర్ కట్టింది కాదు. 1995లో వచ్చిన పెంటియం ప్రో నుంచే ఇంటెల్ పీఏఈ అనే పద్ధతితో 64 జీబీ దాకా దారి ఇచ్చింది. 32 బిట్ లినక్స్ దాన్ని వాడుకుంది, విండోస్ సర్వర్ ఎడిషన్లూ వాడుకున్నాయి. కానీ మనం ఇళ్లలో వాడే 32 బిట్ విండోస్‌ని మాత్రం మైక్రోసాఫ్ట్ 4 జీబీ దగ్గరే ఆపేసింది. 4 జీబీ పైన ఉన్న అడ్రస్‌లతో చాలా డ్రైవర్లు సరిగ్గా పనిచేయకపోవడమే కారణం.

ఆ కారణం న్యాయమైనదే. కానీ ఎడిషన్ల లిమిట్‌కి ఏం చెప్తాం? 64 బిట్ విండోస్ 7లో హోమ్ బేసిక్‌కి 8 జీబీ, హోమ్ ప్రీమియంకి 16, ప్రొఫెషనల్‌కి 192. ఇది టెక్నాలజీ కాదు, రేట్ కార్డు.

64 బిట్ ఓఎస్ వేసుకున్నంత మాత్రాన కూడా అయిపోదు. ఇంటెల్ 945 చిప్‌సెట్ ఉన్న ల్యాప్‌టాప్‌లో 64 బిట్ కోర్ 2 డుయో ఉన్నా చిప్‌సెట్ 4 జీబీ దాటనివ్వదు. ఆటమ్ ఎన్450 నెట్‌బుక్ అయితే 2 జీబీ దగ్గరే ఆగిపోతుంది.

కాబట్టి ఆర్డర్ పెట్టే ముందు మూడు చూడండి. ఒకటి, సెట్టింగ్స్‌లో అబౌట్‌కి వెళ్లి ఓఎస్ 32 బిట్టా, 64 బిట్టా. రెండు, మీ ఎడిషన్ లిమిట్. మూడు, మీ మోడల్ మాన్యువల్‌లో ఉన్న మాగ్జిమమ్ మెమరీ. ప్రాసెసర్ 64 బిట్ అయి, ఓఎస్ ఒక్కటే 32 బిట్ అయితే ముందు బ్యాకప్ తీసుకుని 64 బిట్ ఫ్రెష్‌గా వేయండి. బోర్డే అడ్డం అయితే ర్యామ్ జోలికి పోవద్దు, ఆ డబ్బుతో సాటా ఎస్ఎస్‌డీ పెట్టండి. తేడా మీకే తెలుస్తుంది.

ఇవన్నీ పాత కథలు అనుకోకండి. ఇప్పుడొస్తున్న చాలా సన్నని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి వస్తోంది. అప్పట్లో కనీసం ఓఎస్ మార్చుకునే దారి ఉండేది, దీనికి అదీ లేదు. కంపెనీలు ప్రాసెసర్ పేరు ఎంత పెద్దగా వేస్తాయో, "ర్యామ్ పెంచుకోవచ్చా, ఎంతవరకు" అన్నది కూడా బాక్స్ మీద అంతే పెద్దగా వేయాలి. అప్పటిదాకా బిల్లు కట్టే ముందు ఆ ప్రశ్న మనమే అడగాలి.