నీళ్ళూ వాటరే, నీళ్ళు పొయ్యడమూ వాటరే!

పోయిన నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకటి చదివాక రెండు రోజులు నాకు మనసు మనసులో లేదు. పేరూ ఊరూ వెయ్యవద్దన్నారు కాబట్టి వెయ్యడం లేదు. ఆవిడ ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదువుకున్నారు. పాప నాలుగో తరగతి, ఇంగ్లీషు మీడియం. హోంవర్కులో ‘వాటర్’ అనే మాట కింద గీత గీసి, ఇది నౌనా వెర్బా అని అడిగారు. “నీళ్ళే కదమ్మా, నౌన్ అని రాయి” అని చెప్పారట ఈవిడ. మర్నాడు ఎర్ర ఇంకుతో ఇంటూ మార్కు పడి వచ్చింది. ఆ వాక్యం ఏమిటంటే, ‘వాటర్ ద ప్లాంట్స్ ఎవ్రీ ఈవినింగ్’.

“నీకు ఇంగ్లీషు రాదు, ఇంక నువ్వు చెప్పకు. నాన్న వచ్చాక చేసుకుంటా” అందట పిల్ల. ఆ నాన్నగారు ఇల్లు చేరేది రాత్రి తొమ్మిదిన్నరకి. అప్పటిదాకా పిల్ల పుస్తకాలు ముందేసుకుని కునికిపాట్లు పడుతూ కూచుంటుంది. “పొయ్యి మీద కూర మాడిపోతున్నా నాకు తెలియలేదండీ” అని రాశారు ఆవిడ.

ఇలాంటి ఉత్తరం రాయకపోయినా, ఇలాంటి సాయంత్రం మీలో చాలామందికి ఎదురయ్యే ఉంటుంది. అందుకే ఈవారం కబుర్లు దీని మీదే.

అమ్మా, ముందు ఒక మాట. మీరు చెప్పింది పూర్తిగా తప్పేం కాదు. ‘వాటర్’ అంటే నీళ్ళే, నౌనే. కానీ అదే మాట ‘నీళ్ళు పొయ్యడం’ అనే పని కూడా చేస్తుంది. మాట మారదు, స్పెల్లింగు మారదు, వాక్యంలో కూచున్న చోటు మాత్రం మారుతుంది. ఇంట్లో అత్తగారి ముందు కోడలు, పుట్టింటికి వెళితే కూతురు. మనిషి ఒకరే కదూ!

ఇది ఇంగ్లీషువాళ్ళ సొత్తు అనుకుంటాం గానీ, మన తెలుగులోనూ ఉంది. ‘నీ నవ్వు బాగుంది’ అంటే నవ్వు నామవాచకం. ‘ఏదీ, ఒకసారి నవ్వు’ అంటే అదే నవ్వు క్రియ. ‘దగ్గు తగ్గలేదు’, ‘గట్టిగా దగ్గు’. తుమ్ము, తన్ను, గుద్దు, కుట్టు, పొంగు అన్నీ ఈ కోవలోవే. ‘వేలికి కట్టు కట్టు’ అంటామా, అందులో మొదటి కట్టు నౌన్, రెండోది వెర్బ్. ఇంకో తమాషా చూడండి. మన నవ్వు వాళ్ళ లాఫ్, మన దగ్గు వాళ్ళ కాఫ్, మన తుమ్ము వాళ్ళ స్నీజ్, మన తన్ను వాళ్ళ కిక్. అవి కూడా రెండు పనులూ చేసే మాటలే. పిల్లకి ఇక్కడ మొదలుపెట్టి చెబితే గ్రామరు పుస్తకం తెరవకుండానే సగం పాఠం అయిపోతుంది.

మరి ఏది నౌనో ఏది వెర్బో తెలుసుకోవడం ఎలా? మాట ఒక్కదాన్నే చూసి ఎప్పుడూ చెప్పకండి. వాక్యం మొత్తం చదవండి. ముందు ‘ద’, ‘ఎ’, ‘మై’, ‘సమ్’ లాంటివి ఉంటే చాలావరకు నౌన్. చివర ‘ఇంగ్’ గానీ ‘ఈడీ’ గానీ తగిలించగలిగితే, లేదా చెయ్యి, పెట్టు అని ఆజ్ఞ ఇస్తున్నట్టు వాక్యం ఆ మాటతోనే మొదలైతే వెర్బ్. ముందు ‘టు’ ఉంటే వెర్బ్ అని కొందరు బట్టీ పట్టిస్తారు. అది పూర్తిగా నమ్మకండి. ‘ఐ వాంట్ టు వాటర్ ద ప్లాంట్స్’ అన్నప్పుడు వెర్బే, కానీ ‘ఐ గో టు స్కూల్’లో స్కూల్ నౌన్.

ఆజ్ఞలతో నిండిన పుస్తకం ఏదీ అంటే వంటల పుస్తకం! ‘బట్టర్ ద ట్రే’ అంటే ట్రేకి వెన్న రాయమని. ‘సాల్ట్ ద వాటర్’ అంటే నీళ్ళలో ఉప్పు వెయ్యమని (ఇందులో వాటర్ మళ్ళీ నౌన్ అయిపోయింది, గమనించారా?). పీల్ అంటే తొక్క, తొక్క తియ్యడమూ పీలే. స్లైస్ అంటే ముక్క, ముక్కలు కొయ్యడమూ స్లైసే. ‘సీజన్’ అని కనబడితే మామిడిపళ్ళ సీజన్ గుర్తు తెచ్చుకోకండి, ఉప్పూ మిరియాలపొడీ తగుపాళ్ళలో వేసి రుచి చూడమని అర్థం. ‘కుక్’ అంటే వండడం, వంటమనిషీ కుక్కే. కుక్కర్ మాత్రం ఈలవేసే గిన్నె. ‘మై మదర్ ఈజ్ ఎ గుడ్ కుక్కర్’ అని మీ పిల్లలు రాసి ఉంటే కోప్పడకండి, డ్రైవ్ చేసేవాడు డ్రైవర్ అయితే కుక్ చేసేది కుక్కర్ కావాలి కదా అని వాళ్ళ న్యాయం.

వంటల పుస్తకం నన్ను కూడా ముంచింది లెండి. పెళ్ళయిన కొత్తలో మొదటిసారి కేకు చేద్దామని కూచున్నాను. ‘డస్ట్ ద టిన్ విత్ ఫ్లోర్’ అని ఉంది. డస్ట్ అంటే దుమ్ము, దుమ్ము దులపమంటున్నాడు కాబోలు అనుకుని కొత్త గుడ్డతో టిన్ను అద్దంలా తుడిచాను. పిండి సంగతి పట్టించుకోలేదు. తీరా కేకు అడుగంటిపోయి చెంచాతో గీకాల్సి వచ్చింది. “వదినా, కేకు ఉప్మా బాగుంది” అంది మా ఆడపడుచు. ఇప్పటికీ అంటుంది.

అసలు కిటుకు ఏమిటంటే, టేబుల్‌ని డస్ట్ చేస్తే దుమ్ము పోతుంది. టిన్నుని పిండితో డస్ట్ చేస్తే పిండి పైన చేరుతుంది. ఒకే మాట, ఒకచోట తియ్యడం, ఒకచోట చల్లడం. సీడ్ కూడా అంతే. మిరపకాయని సీడ్ చెయ్యమంటే గింజలు తీసెయ్యాలి, పొలాన్ని సీడ్ చెయ్యమంటే విత్తనాలు చల్లాలి. ‘షెల్ ద పీస్’ అంటే బఠాణీలు ఒలవమని, ‘మిల్క్ ద కౌ’ అంటే పాలు పితకమని. దీనికి సూత్రం వెతకకండి. ఆవుకి ఎవరూ పాలు పొయ్యరు కదా, ఇంగితజ్ఞానమే సూత్రం.

అలాగని ప్రతి నౌన్‌నీ వెర్బ్ చేసెయ్యడానికి లేదు. ‘ఫుడ్ ద బేబీ’ అనకూడదు, దానికి ‘ఫీడ్’ అని వేరే మాట ఉంది. బ్లడ్ నౌన్, బ్లీడ్ వెర్బ్. అడ్వైస్ సలహా, అడ్వైజ్ సలహా ఇవ్వడం. కొన్నిటికి స్పెల్లింగు ఒకటే అయినా పలుకు మారుతుంది. ‘యూస్’ అంటే ఉపయోగం, ‘యూజ్’ అంటే ఉపయోగించడం. రికార్డ్, పర్మిట్, ప్రెజెంట్ లాంటి వాటిని నౌన్ అయినప్పుడు మొదటి భాగం మీద నొక్కి పలుకుతారు, వెర్బ్ అయితే రెండో భాగం మీద.

మనం ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు ఎక్కడ జారుతున్నామో కూడా చెబుతాను. తెలుగులోకి ఇంగ్లీషు మాట రాగానే దానికి ఒక చెయ్యడమో వెయ్యడమో తగిలిస్తాం. ఫోన్ చెయ్యి, ఐరన్ చెయ్యి, బ్రష్ చెయ్యి, లాక్ వెయ్యి, బ్రేక్ వెయ్యి. తెలుగులో అది చక్కగా ఉంటుంది. అదే అలవాటులో ఇంగ్లీషులోనూ ‘పుట్ లాక్ టు ద డోర్’ అనేస్తాం. అక్కడ ఆ పుట్ అక్కర్లేదు, ‘లాక్ ద డోర్’ చాలు. ‘ఐరన్ ద షర్ట్’, ‘బ్రష్ యువర్ టీత్’, ‘ఆయిల్ యువర్ హెయిర్’. మాటే పని చేసేస్తుంటే పక్కన ఇంకో పనిమనిషి ఎందుకు?

ఈ పద్ధతి వాళ్ళకి ఎలా వచ్చిందంటే, వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో రెండూ వేరుగానే ఉండేవి. ప్రేమకి ‘లుఫు’, ప్రేమించడానికి ‘లుఫియన్’. రానురాను చివరి తోకలు అరిగిపోయి రెండూ ‘లవ్’ దగ్గర కలిసిపోయాయి. అది అలవాటై కొత్త మాటల్నీ అలాగే వాడేశారు. పెద్దలు ఊరుకున్నారా? అమెరికా పెద్దమనిషి బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1789లో నిఘంటువులు రాసే నోవా వెబ్‌స్టర్‌కి ఉత్తరం రాస్తూ నోటీస్, అడ్వొకేట్, ప్రోగ్రెస్ అనే నౌన్లని జనం వెర్బులుగా వాడేస్తున్నారని వాపోయారు. ఇవాళ ఆ మూడూ వెర్బులే. గూగుల్ అనేది ఒక కంపెనీ పేరు. 2006లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు దాన్నీ క్రియగా ఎక్కించుకుంది. అంతటి ఫ్రాంక్లిన్ గారే ఆపలేకపోయారు, వాటర్ దగ్గర మనం తడబడితే ఏం పోయింది?

ఇదంతా ఆవిడకి విడిగా రాసి పంపించాను. నాన్నగారి కోసం చూడకుండా సాయంత్రం ఆరింటికే పాపని వంటింట్లో పీట వేసి కూచోబెట్టుకోమని, కంటబడిన వస్తువుకల్లా నౌన్‌గా ఒక వాక్యం, వెర్బ్‌గా ఒక వాక్యం అడగమని చెప్పాను. తెలియనిది వస్తే ‘నాకూ తెలియదు, డిక్షనరీ చూద్దాం’ అనడానికి మొహమాటపడవద్దని కూడా రాశాను.

మొన్న రెండో ఉత్తరం వచ్చింది. పాప ఇంకా లెక్కలకి నాన్న కోసమే చూస్తోందట. కానీ ఒకరోజు అన్నం తింటూంటే పొలమారిందట. ఈవిడ కంగారుగా మంచినీళ్ళు అందించి తల మీద తడుతుంటే, కళ్ళల్లో నీళ్ళతోనే, “అమ్మా, నాకు దగ్గొచ్చింది కదా, ఇది నౌనా వెర్బా?” అని అడిగిందట.

“వచ్చింది అన్నావు కాబట్టి నౌన్. ఇప్పుడు దగ్గావు చూడు, అది వెర్బ్. ముందు నీళ్ళు తాగు” అన్నారట ఆవిడ.