ఆకుపచ్చ నెత్తురు

2020 సెప్టెంబరు 2న పబ్‌జీని నిషేధించినప్పుడు కొల్లూరు, తెల్లాపూర్, పటాన్‌చెరు తల్లిదండ్రులం హమ్మయ్య అనుకున్నాం. పిల్లల్ని పాడుచేసేది ఆ తుపాకులూ ఆ రక్తమేనని మనకు గట్టి నమ్మకం. మరుసటి ఏడాది జులైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది. ఈసారి నెత్తురు ఆకుపచ్చగా ఉంది. చంపడమన్న మాట తీసేసి ‘ఫినిష్’ అని పెట్టారు. రక్తమే సరుకైతే ఆ ఆట అక్కడే చతికిలపడాలి. పిల్లలు మాత్రం ఎప్పటిలాగే ఎగబడ్డారు.

రక్తం అసలు అమ్ముడుపోదని కాదు. 1993లో మోర్టల్ కంబాట్ అనే కొట్లాట ఆట ఇళ్లకు వచ్చినప్పుడు నింటెండో రక్తం బదులు చెమట చూపించింది, సెగా రక్తాన్నే ఉంచింది, సెగాదే ఎక్కువ అమ్ముడైంది. కానీ 30 కోట్ల కాపీలు దాటిన మైన్‌క్రాఫ్ట్‌లో పిల్లలు చేసేది ప్రధానంగా ఇటుక మీద ఇటుక పేర్చడం. లాక్‌డౌన్‌లో మనమంతా ఆడిన లూడో కింగ్‌లో తుపాకీ ఏది? ఆటలో సొంతంగా నిర్ణయించుకునే వీలు, చేతనవుతోందన్న తృప్తి ఉంటేనే మనసు నిలుస్తుందని, హింస దానికి కలిపేది బహు స్వల్పమని 2009లోనే అమెరికాలో పరిశోధకులు తేల్చారు.

మన కొల్లూరు డబుల్ బెడ్‌రూమ్ కాలనీలో చీకటి పడ్డాక ఏ బ్లాకు మెట్ల మీదైనా చూడండి. నలుగురు పిల్లలు, నాలుగు పగిలిన స్క్రీన్లు. “అన్నా, నాక్ అయిన, జల్ది రా, రివైవ్ ఇయ్యి!” అని ఒకడి కేక. పడిపోయినవాణ్ని లేపడానికి ఇంకొకడు తన ప్రాణం పణంగా పెట్టి పరిగెత్తుకొస్తాడు. కేక వేస్తే ఎవరో ఒకరు వస్తారన్న ఆ భరోసా కోసమే వాళ్లు అక్కడ కూర్చున్నారు. అది ఇంట్లో మనం ఇవ్వలేదు.

ఈ కాలనీలో 2023 జూన్‌లో 117 బ్లాకులు, 15,660 ఇళ్లు ప్రారంభమయ్యాయి. నగరం బస్తీల నుంచి వచ్చిన మనం గల్లీనీ, పిల్లల దోస్తులనూ అక్కడే వదిలేశాం. పని మాత్రం నగరంలోనే. పొద్దున పోతే రాత్రికి రాక. పాత ఊరివాళ్లం పొలాలు ప్లాట్లకు ఇచ్చేశాం. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన గజం ధర నోటికి చెప్పగలం, పిల్లలు ఆడుకునే జాగా ఎంత మిగిలిందో చెప్పలేం. ఏడిస్తే ఫోనిచ్చాం, అల్లరి చేస్తే ఫోనిచ్చాం, చివరికి ఫోన్ లాక్కుని కొట్టాం.

మధ్యలో ఆపేసిన బీజీఎంఐకి 2023లో మళ్లీ అనుమతి ఇచ్చినప్పుడు పద్దెనిమిదేళ్లలోపు వారికి రోజుకు మూడు గంటలే అన్నారు. తల్లిదండ్రుల ఫోనుకు ఓటీపీ వచ్చేలా చేశారు. అది మనకే వచ్చింది. షిఫ్టులో ఉండో, బస్సులో నిలబడో, ఎందుకని అడగకుండా అంకెలు చదివి చెప్పేశాం. మూడు గంటలు అయిపోగానే పిల్లలు మన పేరు మీద ఇంకో ఖాతా తెరిచారు. అదీ మనకు తెలుసు.