ప్రార్థన అయ్యాక నడకా ప్రార్థనే

మా సంఘంలో తెల్లవారుజామున నాలుగింటికే లేచి మోకాళ్లూనే ఆడవాళ్లున్నారు. గంటసేపు ప్రార్థన చేస్తారు, రెండు అధ్యాయాలు చదువుతారు. "అక్కా, అదయ్యాక ఓ అరగంట నడవండి" అంటే మాత్రం, "ఆ టైము కూడా దేవుడికే ఇస్తాం సిస్టరు గారూ" అంటారు. వాళ్ల భక్తి మీద నాకెంతో గౌరవం. కానీ నడకకిచ్చిన అరగంట దేవుడి దగ్గర నుంచి లాక్కున్నదన్న ఆలోచనను మాత్రం నేను ఒప్పుకోలేను.

నేను నర్సుగా చేసి రిటైరయ్యాను. షుగరు ముదిరి పాదం తీసేయాల్సి వచ్చిన విశ్వాసుల మంచం పక్కన నిలబడి ప్రార్థించిన రోజులున్నాయి. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ - ఇండియాబ్ అధ్యయనం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని అంచనా వేసింది. ఆ కోట్ల మందిలో మా ఆదివారపు ఆరాధనకొచ్చే వాళ్లూ ఉన్నారు. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు.

నడవమంటే చాలామంది పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికను అడ్డు పెడతారు. శరీర సాధన వల్ల లాభం కొంచెమేనని అందులో ఉంది, నిజమే. అయితే అదే పత్రికలో, ఆ తర్వాతి అధ్యాయంలోనే, పౌలు తిమోతి కడుపు గురించీ అతనికి తరచుగా వచ్చే జబ్బుల గురించీ పట్టించుకున్నాడు. కొంచెం లాభం ఉందన్న దాన్ని అసలే లేదని ఎలా చదువుతాం? ఆ పౌలే త్రోయ నుంచి అస్సుకు తోటివాళ్లను ఓడలో పంపి, తాను కాలినడకన వెళ్లాడు. ఎందుకో అపొస్తలుల కార్యాల్లో రాయలేదు. ఒంటరిగా నడుస్తూ ప్రార్థించుకోవాలనుకున్నాడని నా నమ్మకం.

ఏలీయా సంగతి నాకు ఇంకా ఇష్టం. బదరీ చెట్టు కింద పడుకుని చావు కోరుకున్న ప్రవక్తకు దేవుడు ముందు ఉపదేశం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, దూత చేత తట్టి లేపించి రొట్టె, నీళ్లు ఇప్పించాడు. మళ్లీ నిద్ర, మళ్లీ తిండి. ఆ తర్వాత హోరేబు దాకా 40 రోజుల నడక. మెల్లని స్వరం వినిపించింది అక్కడికి చేరాకే. వార్డులో కుంగిపోయిన మనుషులను చూసినప్పుడల్లా ఈ వరుస గుర్తొచ్చేది.

నేను విశాఖలో చినవాల్తేరు నుంచి దిగి, బీచ్ రోడ్డు మీద సబ్‌మెరైన్ మ్యూజియం దాకా వెళ్లి వస్తాను. పొద్దున్నే ఆ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు కాబట్టి భయం లేదు. చెవిలో ఏమీ పెట్టుకోను. ఇంట్లో బైబిలు తెరిచి ఒక్క వచనం కంఠతా పెట్టుకుని బయల్దేరతాను. యాత్ర కీర్తనలు, అంటే 120 నుంచి 134 వరకు, ఇందుకు ఎంతో అనువైనవి. యెరూషలేము పండుగలకు కొండెక్కి వెళ్లే జనం పాడుకున్నవి అవి. కాళ్లకు లయ కుదిరాక వచనం దానంతటదే తిరుగుతూ ఉంటుంది. కుర్చీలో కూర్చుని చదివినప్పుడు దాటేసిన మాట నడకలో నన్ను ఆపుతుంది. మా ఊరి వాళ్లు ఆషాఢ పౌర్ణమికి సింహాచలం చుట్టూ 32 కిలోమీటర్లు గిరి ప్రదక్షిణ చేస్తారు. భక్తి కాళ్లతో కూడా చేసేదని వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. మా గ్రంథం నిండా నడిచేవాళ్లే ఉన్నా, మేమే మరిచిపోయాం.

తిరిగొచ్చేటప్పుడు వచనం వదిలేసి నిన్నటి రోజును తలచుకుంటాను. ఇది ఎమ్మాయు దారి నేర్పిన పద్ధతి. ఆమడ దూరంలోని ఆ ఊరికి వెళ్తున్న ఇద్దరు శిష్యులు దారిలో ప్రభువుతో కలిసి నడిచారు, లేఖనాలు విన్నారు, అయినా గుర్తుపట్టలేదు. రొట్టె విరిచాకే తెలిసింది, దారిలో తమ గుండెలు మండింది ఎందుకో. దేవుని హస్తం చాలాసార్లు వెనక్కి తిరిగి చూస్తేనే కనిపిస్తుంది. సాక్ష్యాల్లో మనం యాక్సిడెంటు తప్పడం, ఆపరేషన్ గట్టెక్కడం చెబుతాం. చెప్పాల్సిందే. కానీ నా లైటు వెలగలేదని తలుపు తట్టిన పక్కవాటా ఆవిడ మాటేమిటి? అదీ దేవుని హస్తమే. నడకలోనూ అలాంటి కనపడని మేలుంది: నడిచేటప్పుడు కాలి కండరాలు ఇన్సులిన్ సాయం లేకుండా కూడా రక్తంలోని చక్కెరను తీసుకోగలవు. నేను దాన్ని నర్సింగ్ పాఠంగా చదివాను, ఇప్పుడు స్తుతిగా చెబుతాను.

నడక మందులకు బదులు కాదు. మాత్ర మానొద్దు, పాదాలు రోజూ చూసుకోండి, చెప్పుల్లేకుండా ఇసుకలో దిగొద్దు. మోకాళ్లు సహకరించనివాళ్లు కుర్చీలో కూర్చునే చేతులు, కాళ్లు ఆడించవచ్చు.

పాస్టరు గార్లకు నా విన్నపం ఒక్కటే. ఉదయకాల ప్రార్థన ముగిశాక జనాన్ని ఇళ్లకు పంపకండి, ఓ వచనం ఇచ్చి మీరే ముందు నడవండి. మొదలుపెట్టడానికి 121వ కీర్తన చాలు, ఎనిమిదే వచనాలు.