కథ కంచికా, గైడులోకా?

కథ కంచికి, మనం ఇంటికి అన్నారు పెద్దలు. మన బడుల్లో కథ కంచి దాకా పోవటం లేదు. మధ్యదారిలోనే గైడులో దూరి కూర్చుంటోంది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్ని అడిగి చూడండి. రచయిత పుట్టిన ఊరు, బిరుదులు, "ఈ కథలోని నీతి" గడగడా అప్పగిస్తారు. కథ చెప్పరా అంటే మాత్రం నీళ్ళు నములుతారు. తప్పు వాళ్ళది కాదు. పరీక్ష అడిగేది అదే కనుక నేర్చేదీ అదే.

సైన్సు వాడికి సాహిత్యంతో ఏం పని అని తెలుగు శాఖ వారు కోప్పడకుందురు గాక! నాకు తెలిసిన భాషలోనే చెబుతాను. ప్రాక్టికల్స్‌లో లోలకం ఊపకుండానే పక్కవాడి రికార్డు చూసి అంకెలు వేస్తే దాన్ని మనం "రీడింగులు వండటం" అంటాం. దొరికితే సారు రికార్డు విసిరికొడతారు. కథ దగ్గరికి వచ్చేసరికి వండిన జవాబుకే అయిదు మార్కులు! పిల్లవాడు తన కళ్ళతో చూసింది రాస్తే "గైడులో ఇట్లా లేదే" అని కొట్టివేత.

ఏడాదిగా మేం ముగ్గురం ఆదివారాలు మాదాపూర్ వెళుతున్నాం. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచి ఆ చుట్టుపట్ల పొలాలూ గుట్టలూ అద్దాల మేడలైపోయాయి. ఆ మేడలు కట్టేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు, గేటు దగ్గర కాపలా కాసేవాళ్ళు వాటి వెనక రేకుల గదుల్లో ఉంటారు. వాళ్ళ పిల్లలకి లెక్కలు చెప్పటం మా పని. నాలుగు వారాలు గడిచేసరికి ఒకటి తేలింది. పిల్లలకి కూడికలు వస్తున్నాయి, తీసివేతలు వస్తున్నాయి. లెక్క అడిగే నాలుగు వాక్యాలే అర్థం కావటం లేదు.

అందుకని చాగంటి సోమయాజులు గారి "ఎందుకు పారేస్తాను నాన్నా" పట్టుకెళ్ళాం. లేమి వల్ల బడి మానేసిన కుర్రవాడు తండ్రికి చుట్టలు తేవటానికి ఆ బడి మీదుగానే నడిచి వెళ్ళాలి. కథంతా అంతే. ఒకసారి ఆపకుండా మేం పైకి చదివాం. రెండోసారి పిల్లలే తలా కొంచెం చదివారు. నీతి అడగలేదు. ఏం కనబడింది, ఏ వాక్యంలో కనబడింది, వేలు పెట్టి చూపించు. అడిగింది ఇంతే.

"తండ్రి చెడ్డోడు సార్" అన్నాడొకడు. చూపించమన్నాం. వెతికాడు, దొరకలేదు. గోడవారన కూర్చున్న ఏడో తరగతి పిల్ల, "చెడ్డోడు కాదు సార్, పైసల్లేవు. గా ముచ్చట కొడుకుతోని చెప్పనీకి సిగ్గయితున్నది" అంది. అలాంటి వాక్యం కథలో లేదు. అయినా ఆ పిల్ల మూడు చోట్ల వేలు పెట్టి, వాటి మధ్యన ఆ సిగ్గు ఉందని వాదించి గెలిచింది. విశ్లేషణ అనే పెద్ద మాటకి ఇంతకు మించిన అర్థం నాకు తెలియదు.

"చదవటమే సరిగ్గా రానివాళ్ళకి విశ్లేషణ ఏమిటయ్యా?" అని ఒక లెక్చరర్ గారు నవ్వారు. మాటలో నిజం ఉంది. అసర్ సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2022లో 42.8 శాతం, 2024లో 48.8 శాతం. దానికి తోడు 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. పిల్లవాడు రెంటి మధ్యా నిలబడ్డాడు. అయితే తండ్రి చెడ్డోడన్న ఆ కుర్రవాడే, ఆ పిల్లని ఓడించాలన్న పంతంతో కూడబలుక్కుంటూ రెండు పేజీలు తనంతట తాను మళ్ళీ చదివాడు. అంతకు ముందు వాడు నాలుగు వరుసలు దాటలేదు. చదవటం వచ్చాక ఆలోచన నేర్పుదాం అంటే ఈ రెండు పేజీలు వాడు ఎప్పటికి చదివేవాడు?

మా నాయనకి చదవటం వచ్చు. అప్పు కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివే సంతకం పెట్టాడు. అందులో రాయకుండా వదిలేసిన సంగతి ఏమిటని అడగటం ఆయనకి ఏ బడీ నేర్పలేదు. రేకుల గదుల్లో గుత్తేదారు కాగితాల మీద పడే సంతకాలూ అటువంటివే. అందుకే ఇది తీరిక ఉన్నవాళ్ళ ముచ్చట అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇది తెలుగు పండితుల సొత్తు అనుకునే సైన్సు మిత్రులకి ఒక మాట. 1966లో "యజ్ఞం" రాసిన కాళీపట్నం రామారావు గారు విశాఖపట్నంలో బడిపంతులు. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి, తెలుగు కథలన్నిటినీ ఒకచోట చేర్చటానికి పూనుకున్నారు.

నా అభిప్రాయంలో ఎనిమిదో తరగతి దాకా నీతి అడిగే ప్రశ్నని ఎత్తివేయాలి. పరీక్షలో పిల్లలు ఎన్నడూ చూడని చిన్న కథ ఒకటి అచ్చువేసి చేతికివ్వాలి. దానికి గైడు ఉండదు కదా! ప్రభుత్వం సంగతి ఎట్లా ఉన్నా, మన యూనియను వార్షికోత్సవం పూలదండల ఖర్చులో కొంత తగ్గించినా ముప్ఫై మంది పిల్లలకి తలా ఒక కథల పుస్తకం వస్తుంది.

మాదాపూర్‌కి ముగ్గురం చాలటం లేదు. ఇంకో నలుగురు కావాలి. ఆదివారం ఉదయం పది గంటలకి. తెలుగు బ్రహ్మాండంగా వచ్చి ఉండక్కరలేదు. ప్రశ్న అడిగాక, జవాబు వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చోగలిగితే చాలు.