లోపల కూర్చున్నవాణ్ణి మార్చడం ఎక్కడ?

మా అక్క కూతురు తొమ్మిదో తరగతి చదువుతోంది. వేసవి సెలవుల్లో మా ఇంటికొచ్చి కంప్యూటర్లో కార్ల రేసు ఆడుతూ కూర్చుంది. రేసు కంటే ముందు కారు సింగారానికే గంట పట్టింది. రంగు, చక్రాల రిమ్ములు, స్పాయిలర్, చివరికి నంబరు ప్లేటు మీద అక్షరాలు కూడా తనే ఎంచుకుంది. అంతా అయ్యాక, "పిన్నీ, లోపల కూర్చున్నవాణ్ణి మార్చడం ఎక్కడ?" అని అడిగింది. ఆ ఆటలో ఆ వీలు లేదు. కారు తనదే, నడిపేది మాత్రం ఎవరో మగవాడు.

వీడియో ఆటల గొడవ మనకెందుకని కొందరనుకోవచ్చు. వీధిలో ఆటస్థలం మగపిల్లలకే ఎలా దక్కిందో మనకు తెలుసు. తెర మీది రోడ్డు కూడా వాళ్ళకే రాసిచ్చేద్దామా?

2004లో వచ్చిన 'నీడ్ ఫర్ స్పీడ్: అండర్‌గ్రౌండ్ 2' సంగతే చూడండి. కారు కింద నియాన్ వెలుగులు, పైకి లేచే తలుపులు, డిక్కీలో స్పీకర్లు, అన్నీ ఆడేవాళ్ళ ఇష్టమే. కానీ కథానాయకుడు మగవాడే. రేచెల్ అనే స్త్రీ పాత్ర ఉంది. మొదట్లో ఆమె కారే అతను నడుపుతాడు, ఆ తర్వాత ఆమె పని అతనికి దారి చెప్పడం. సాంకేతికంగా సాధ్యం కాలేదంటే నేను నమ్మను. రెండేళ్ళకే, 2006లో, 'టెస్ట్ డ్రైవ్ అన్‌లిమిటెడ్'లో స్త్రీ పాత్రను ఎంచుకునే వీలొచ్చింది. 2021 నాటి 'ఫోర్జా హొరైజన్ 5'లోనైతే డ్రైవరుకు కృత్రిమ చేయి, కృత్రిమ కాలు కూడా పెట్టుకోవచ్చు. అడిగేవాళ్ళుంటే ఇస్తారన్నమాట. (గులాబీ రంగు కారొకటి పెట్టి ఆడపిల్లల వాటా తీరిపోయిందనుకునేవాళ్ళ సంగతి వేరే.)

నా కోరిక ఇంకాస్త ముందుకెళ్తుంది. ఇంజను, గేర్లు మార్చుకోనిచ్చే ఆటలో సీటు ఎత్తు, పెడళ్ళ దూరం, సీటు బెల్టు కూడా డ్రైవరు ఒంటికి తగ్గట్టు మార్చుకునే వీలుండాలి. ఇది ముచ్చట కోసం కాదు. ఎదురుగా ఢీకొన్న ప్రమాదాల్లో, బెల్టు పెట్టుకున్నా సరే, స్త్రీలు తీవ్రంగా గాయపడే అవకాశం పురుషులకంటే 73 శాతం ఎక్కువని అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో తేల్చారు. కారును ఎవరి ఒంటి కొలతలతో పరీక్షిస్తున్నారన్న ప్రశ్న ఆ పిల్లలకు ఆటలోనే ఎదురవ్వాలి.

అలాగే చేత్తో వేసే బ్రేకు, యాక్సిలరేటరు కావాలి. వికలాంగుల కోసం మార్పులు చేసిన వాహనానికి మన మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో నిర్వచనమే చేర్చారు. చట్టం గుర్తించిన కారు ఆటలో ఎందుకుండకూడదు?

మన సంస్థల్లో చాలా చోట్ల ఆడపిల్లలకు కంప్యూటర్ నేర్పుతున్నారు. ఒక పూట వాళ్ళను రేసు ఆడనివ్వండి. కారులో ఏమేం మార్చాలనుందో వాళ్ళనే అడిగి రాసుకోండి. ఆ కాగితాలు ఆటలు తయారుచేసే కంపెనీలకు మనమే పంపుదాం. మా పిల్ల జాబితాలో మొదటిది: "జడ ఉన్న డ్రైవరు".