కౌలాలంపూర్‌లో ఒక పగలు

ఒక విమానం దిగి ఇంకొకటి ఎక్కేలోగా కౌలాలంపూర్‌లో నాకు ఒక్క పగలు చిక్కింది. ఒక్క పగట్లో ఊరు చూడడమంటే పెళ్ళికి వెళ్ళి పందిరి చూచి వచ్చినట్లే! అయినా బయలుదేరాను.

పొద్దున్నే బతు గుహల 272 మెట్లూ ఎక్కాను. నా చేతిలోని అరటిపళ్ళను నాకంటె ముందు కోతులు లెక్కపెట్టుకొన్నాయి. తరువాత 88 అంతస్తుల జంట గోపురాలు. మెడ నొప్పి పుట్టింది. గోంబాక్, క్లాంగ్ నదులు కలిసేచోట 1909 నాటి జామెక్ మసీదు ఉన్నది. ఊరి పేరుకు బురద సంగమమని అర్థమట.

మధ్యాహ్నం బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో టీ తాగుతూ ఇంటికి ఫోన్ చేశాను. నా తెలుగు విని పక్కబల్ల పెద్దాయన తిరిగి చూచాడు.

"తెలుగువారాండీ? ఏ ఊరు మీది?"

ఆయన తాత విశాఖ వైపునుంచి రబ్బరుతోట కూలీగా వచ్చాడట. 1981లో ఇక్కడ జరిగిన ప్రపంచ తెలుగు మహాసభలను గురించి నిన్న జరిగినట్లే చెప్పాడు.

"వేములఘాట్. సిద్దిపేట జిల్లా" అని, ఆగిపోయాను. 2021లో ఊరు ఖాళీ అయింది. ఇప్పుడక్కడ 50 టి.ఎం.సి.ల మల్లన్నసాగర్. తరగతిలో వ్యాకరణం చెప్పేవాడినే. "మా ఊరు ఉంది" అనాలో, "ఉండేది" అనాలో తేల్చుకోలేకపోయాను.

సంగతి విని ఆయన కాసేపు మాట్లాడలేదు.

"మా తాత ఊరు అక్కడే ఉందండీ. నేనే చూడలేదు."

చీటీమీద ఆ ఊరిపేరు కూడబలుక్కొంటూ తెలుగులోనే వ్రాసి ఇచ్చి, వీలైతే వెళ్ళి ఒక ఫొటో పంపమన్నాడు. టీ డబ్బులు మాత్రం నన్ను ఇవ్వనీయలేదు.