తీతువు కూత విన్నారా?



కోడి, కాకి, కోయిల, కీచురాయి అన్నింటికీ కలిపి మీరు 'అరుస్తోంది' అన్న ఒక్క మాటే వాడుతుంటే నాకు కష్టంగా ఉంటుంది. మన భాషలో కోడి కూస్తుంది, పిచ్చుకలు కిచకిచలాడతాయి, తుమ్మెద ఝుమ్మంటుంది, దోమ చెవి దగ్గర గుయ్యిమంటుంది. నెమలికైతే క్రేంకారమని విడిగా ఒక మాటే ఉంది. ఇవన్నీ చెవిపెట్టి విన్నవాళ్లు కూర్చిన మాటలు.

కోడి మనకు కొక్కొరొకో అంటుంది. ఫ్రెంచివాళ్లకు కొకొరికో, జర్మన్లకు కికెరికీ, రష్యన్లకు కుకరెకూ, జపానువాళ్లకు కొకెకొక్కో. ఎవరి నోటికి పలికే అక్షరాల్లో వాళ్లు దాన్ని పట్టుకున్నారు. అచ్చులు మారాయి గాని 'క'కారాన్ని ఎవరూ వదల్లేదు.

తీతువు పిట్ట గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. రాత్రిపూట అది కూస్తే చావు కబురు వస్తుందని మన పల్లెల్లో భయం. అదే కూత ఇంగ్లీషువాళ్ల చెవికి 'డిడ్ హి డూ ఇట్' అని, అంటే 'వాడే చేశాడా' అని నిలదీస్తున్నట్టు వినిపించింది. సంస్కృతంలో టిట్టిభం, హిందీలో టిటహరీ అన్న పేర్లూ ఆ కూతలోంచి వచ్చినవే. తమిళులు ఇంకో అడుగు ముందుకేసి, అది ఎందుకు కూస్తోందో చూశారు. ఆళ్‌కాట్టి, మనిషి జాడ చూపేది, అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టినవాళ్లకు నేను దండం పెడతాను. తీతువు నేలమీదే, గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. మనిషో కుక్కో అటు వస్తే చాలు, పగలైనా రాత్రైనా లేచి గోల చేస్తుంది. గుడ్లను కాచుకునే ఆ కేకను అపశకునమనడం అన్యాయం.

పురుగుల దగ్గర జపానువాళ్లను మెచ్చుకోవాలి. మగ కీచురాయి రెక్కలు రాపాడించి చేసే చప్పుడును మనం 'కీచు'తో సరిపెట్టుకున్నాం. వాళ్లు సుజుముషి అనే రకానిది రీన్ రీన్ అనీ, మత్సుముషి అనే రకానిది చిన్‌చిరోరిన్ అనీ వేరుచేసి చెబుతారు. వాటి పాట వినడానికే చిన్న పంజరాల్లో పెంచుకుంటారు.

ఈసారి ఊరెళ్లినప్పుడు అమ్మమ్మనో, గొర్రెల కాపరినో అడగండి: ఇక్కడ ఏ పిట్ట ఏమని కూస్తుంది, దాన్ని మీరేమంటారు అని. వాళ్లు చెప్పింది వాళ్ల యాసలోనే, ఊరి పేరుతో సహా రాసిపెట్టండి. పుస్తకం చూసి దిద్దకండి.

ఇట్లు
మీ శ్రేయోభిలాషి